ఎత్తిన చెయ్యి, తాగని కాఫీ

అబిద్జాన్, ఐవరీ కోస్ట్
2 మార్చి 1999

నన్ను నీ చేతులతో పూడ్చేవాడా, అదీబ్,

నీకంటే ముందు నేనే పోవాలి, నీ చావు నా కళ్ళు చూడకూడదు. తమ్ముణ్ణి ఇంతకంటే ముద్దుగా పిలవడం మన సూర్ ఆడవాళ్ళకి తెలీదు కాబట్టి దీనితోనే మొదలుపెడుతున్నా.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు తిట్లు రావు. కాగితం మీదైతే ధారాళంగా వస్తాయి. ఈ ఉత్తరం తెచ్చేది మీ బావ బట్టల కొట్లో పనిచేసే రీమా మొగుడు. వాడి చేతికే రెండు కిలోల కాఫీ పొడి ఇచ్చాను, ఇక్కడి తోటల్లోదే. కిందటిసారి పంపింది పుల్లగా ఉందని ఊరంతా చెప్పావట. నోరు మూసుకుని తాగు.

ఇక అసలు సంగతి. ఫుట్‌బాల్ లీగ్‌లో చివరి ఆట నువ్వు ఆడించే మీనా క్లబ్బుకీ బీరూట్ రమ్లా క్లబ్బుకీ అట, అదీ మన ఊళ్ళోనే. రమ్లా కోచ్ ఎవరో నాకు తెలీదనుకున్నావా? ఫవ్వాజ్ బీతార్! ఈ ఆట ఓడితే వాళ్ళు రెండో డివిజన్‌కి దిగిపోతారట. దిగిపోతే వాణ్ణి ఇంకే క్లబ్బూ గుమ్మం ఎక్కనివ్వదట. ఈ కబురు విని వంటింట్లో కూర్చుని పకపకా నవ్వాను. నా పిల్లలు హడలిపోయారు.

నాకు ఆట తెలీదు. తొంభై రెండు ఫైనల్లో ఆ ఎనభై తొమ్మిదో నిమిషం మాత్రం తెలుసు, నువ్వు ఉత్తరంలో నాలుగు సున్నాలు గీసి చూపించావుగా. మీరు నలుగురు డిఫెండర్లు ఒకే గీతలో నిలబడాలి. అప్పటి మీ కెప్టెన్ ఫవ్వాజ్ అరవగానే నలుగురూ ఒక్కసారి ముందుకు జరగాలి, అప్పుడు వెనక మిగిలిన అవతలి జట్టు ఆటగాడు ఆఫ్‌సైడ్. ముగ్గురు జరిగారు. అరిచినవాడే రెండడుగులు వెనక ఉండిపోయాడు, ఇక ఆఫ్‌సైడ్ చెల్లదు. నువ్వు ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తి నిలబడ్డావు, నీ పక్కనుంచే అవతలి ఆటగాడు వెళ్ళి గోల్ కొట్టాడు. పేపర్లో నీ ఫోటో, ఎత్తిన చెయ్యి. కప్పు పోగొట్టినవాడివి నువ్వయ్యావు. ఎవరి చేతిలో ఓడామో ఆ రమ్లా క్లబ్బులోకే ఫవ్వాజ్ ఆ వేసవిలో దర్జాగా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాన్న రేవులోకి వస్తే జనం చేతులెత్తి చూపించి నవ్వారు. పడవలు చేసే మనిషి షెడ్డు మూసేసి, ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని, ఆ చలికాలంలోనే పోయాడు. ఎందుకురా ఇదంతా? వాడు పెద్దమనుషుల్ని తీసుకుని నన్ను పెళ్ళికి అడగడానికి వచ్చాడు, నాన్న కాఫీ తాగనివ్వకుండానే పంపేశాడు, అందుకు. పిలవని పేరంటానికి వచ్చినవాడికి అంత పౌరుషమా?

మూడు గోల్స్ కావాలి నాకు. మూడోది పడ్డాక వాడి ఎదురుగా వెళ్ళి చెయ్యెత్తు. లేకపోతే నీ పేరుతో అబూ అదీబ్ అని పిలిపించుకున్న నాన్నకి నువ్వు కొడుకువే కాదు.

నీ అక్క,
నజ్లా

* * *

సూర్, దక్షిణ లెబనాన్
21 మార్చి 1999

తిట్ల పెట్టె నజ్లా అక్కకి,

నీ ఉత్తరం, నీ పుల్లటి పొడి రెండూ అందాయి. పొడి అతిథుల కోసం దాచాను, అదీ నచ్చని అతిథుల కోసం.

నువ్వు నన్ను ఎగదోయక్కర్లేదు. ఏడేళ్ళుగా పొద్దున్న లేవగానే నాకు గుర్తొచ్చే మొదటి ముఖం ఫవ్వాజ్‌దే. ఆ ఫైనల్ తర్వాత మీనా నన్ను వదిలించుకుంది. నాలుగేళ్ళు కొండల్లో చిన్న క్లబ్బుకి ఆడాను. బస్సు దిగగానే అక్కడి పిల్లకాయలు కూడా చేతులెత్తేవాళ్ళు. మోకాలు పోయింది, ఆట పోయింది. మూడేళ్ళ కిందట మీనా మళ్ళీ పిలిచింది, ప్రేమతో కాదు, ఇంకే కోచూ రాక. పెళ్ళి ఎందుకు చేసుకోవని రాస్తావు. రెండు సంబంధాలు చూశాను. రెండో పిల్ల వాళ్ళ నాన్న నన్ను చూసి నవ్వాపుకోలేక బయటికి వెళ్ళొచ్చాడు.

ఇప్పుడు విను, నీకు నచ్చుతుంది. నాన్న షెడ్డులో లంగరు తాడు ఒకటి మిగిలింది. నా నలుగురు డిఫెండర్ల నడుములకీ అది కట్టి పరిగెత్తిస్తాను. ఒకడు వెనకబడితే మిగతా ముగ్గురూ బోర్లా పడతారు. మొదటివారం మూతులు పగిలాయి. ఇప్పుడు నలుగురికీ ఒకటే అడుగు. నా గీతలో వెనక ఉండిపోయేవాడు పుట్టలేదు, పుట్టనివ్వను.

ఫవ్వాజ్ జట్టు ఆట నాలుగుసార్లు వెళ్ళి చూశాను, టోపీ దించుకుని గ్యాలరీలో మూలన కూర్చుని. వాడూ అదే గీత ఆడిస్తున్నాడు. కానీ ఒక వింత ఉంది. ఎక్కడైనా గీతని ముందుకి పిలిచేది కెప్టెన్. వాడి జట్టులో కెప్టెన్‌కి ఆ హక్కు లేదు. వాడే బయట గట్టు మీద నిలబడి అరుస్తాడు. గట్టు మీంచి అరిస్తే మాట అర క్షణం ఆలస్యం. మా జియాద్ అని ఒక కుర్రాడున్నాడు, చిరుతలా ఉరుకుతాడు. ఆ అర క్షణం వాడికి చాలు. రోజూ నలభైసార్లు అదే చేయిస్తున్నాను.

ఊళ్ళో గుసగుస ఒకటుంది. ఫవ్వాజ్ పెద్దమనుషుల్ని వెంటేసుకుని నా దగ్గరికి రావాలనుకుంటున్నాడట. రానీ. పొడి సిద్ధంగా ఉంది.

బావకి సలాం. పిల్లలకి ముద్దులు. ఇక్కడ సముద్రం, పైన విమానాలు, ఎప్పటిలాగే.

అదీబ్

* * *

అబిద్జాన్
10 ఏప్రిల్ 1999

నన్ను పూడ్చేవాడా,

రానీ అని రాస్తావేంట్రా? రానివ్వకు! గుమ్మంలోంచే పంపెయ్. నీ మనసు వెన్న, నాకు తెలుసు. చిన్నప్పుడు ఎండ్రకాయ నిన్ను కరిస్తే దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలినవాడివి.

సరే, పెద్దమనుషులొస్తే తలుపు వెయ్యలేవు, మర్యాద. కూర్చోబెట్టు. కాఫీ పోసి పెట్టు. వాళ్ళు తాగకుండా కప్పులు ముందు పెట్టుకుని కోరిక చెబుతారు. నువ్వు 'తాగండి' అంటే కోరిక ఇచ్చేసినట్టు. అనకు. నాన్న చేసినట్టు చెయ్. ఆ రోజు నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. తలుపు సందులోంచి చూశాను నేను. ఆరు కప్పుల మీదా పొగ ఆగిపోయింది, పైన తెట్టు కట్టింది. వాళ్ళు లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. దాన్ని మించిన దెబ్బ లేదు.

వాడేం అడుగుతాడో నేనిక్కడి నుంచే చెప్పగలను. 'ఆట డ్రా చెయ్, నా పొట్ట కొట్టకు' అంటాడు. ఏవేవో పాత కబుర్లు కూడా చెబుతాడు. వినకు. వాడితో ఒంటరిగా కూర్చోకు. వాడి నోట్లోంచి వచ్చేదంతా అబద్ధం. వింటున్నావా, ఒంటరిగా కూర్చోకు.

జులైలో పిల్లల్ని తీసుకుని వస్తున్నాను. ఎనిమిదేళ్ళయింది. వచ్చేసరికి ఫవ్వాజ్ ముఖం చెల్లక ఊళ్ళు పట్టి తిరుగుతుండాలి.

నజ్లా

* * *

అబిద్జాన్
28 ఏప్రిల్ 1999

అదీబ్,

ముద్దు పిలుపు రాయడానికి చెయ్యి రావటం లేదు.

నిన్న రీమా నా ఇంటికొచ్చి, 'మీ తమ్ముడు గొప్ప మనసున్నవాడు, ఫవ్వాజ్‌ని క్షమించేశాడట' అంది. నేను గట్టిగా అరిచాను. అది ఒట్టేసి చెప్పింది: పదహారో తారీకు శుక్రవారం పెద్దలు మనింటికి వచ్చారు, కప్పు ఖాళీ అయింది. ఊరంతా అదే మాటట.

నాన్న చచ్చిన గదిలో, నేను పంపిన పొడితో, వాడికి కాఫీ తాగించావా? సిగ్గు లేదూ? ఆటకి ముందే అమ్ముడుపోయావా? ఆ ఫైనల్ అప్పుడు జనం నిన్ను అమ్ముడుపోయాడన్నారు, నేను ఇక్కడ నలుగురితో పోట్లాడాను. ఇప్పుడు నిజమని తేలింది.

ఇక నాకు తమ్ముడు లేడు. జవాబు రాయకు.

లేదు, రాయి. ఎందుకు చేశావో రాయి.

నజ్లా

* * *

సూర్
5 మే 1999

అక్కా,

'రానివ్వకు' అన్న నీ ఉత్తరం వాళ్ళు వచ్చి వెళ్ళిన రెండో రోజు అందింది. 'తమ్ముడు లేడు' అన్నది ఇవాళ. రెండిటికీ కలిపి రాస్తున్నాను, కూర్చుని చదువు.

కప్పు ఖాళీ అయిన మాట నిజం. తాగింది హాజ్ యూనిస్. వలలు బాగుచేసే యూనిస్ తాత గుర్తున్నాడా? ఎనభై ఆరేళ్ళు ఇప్పుడు. వచ్చిన ఐదుగురిలో పెద్ద అని ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టారు. నేను కాఫీ పోశాను. అందరూ కప్పులు ముందు పెట్టుకున్నారు. నేను నాన్నలాగే నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఇంకా ఎవరూ కోరిక చెప్పనే లేదు, యూనిస్ తాత ఏ ధ్యాసలో ఉన్నాడో, కప్పెత్తి గుటగుటా తాగేసి, 'పుల్లగా ఉందిరా నాయనా' అన్నాడు.

 పక్కాయన ఆయన మోచెయ్యి పట్టుకుని, 'హాజీ, ఇది తాగే కాఫీ కాదు!' అన్నాడు. పాపం ముసలాయన కప్పులోకి చూసుకుని ఏడుపు ముఖం పెట్టాడు. నేను నవ్వలేదు. మామూలు రోజైతే వారం రోజులు నవ్వేవాణ్ణి. మిగతావాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని, 'పెద్దాయన తాగేశాడు కదా, అల్లా అలా రాశాడు, అయిపోయినట్టే అనుకుందాం' అన్నారు. నేను 'కాలేదు' అన్నాను. వాళ్ళు ముసలాయన్ని నడిపించుకుని వెళ్ళిపోయారు, ఊళ్ళో మాత్రం అయిపోయిందని చెప్పుకున్నారు.

ఫవ్వాజ్ వెళ్ళలేదు. వాడి కప్పు వాడి ముందే నిండుగా ఉంది. 'ఆయన తాగినది నాకు లెక్క కాదు. నా కప్పు అలాగే ఉంది' అన్నాడు. నేను లేవమన్నాను. లేవలేదు.

వాడు డ్రా అడగలేదు అక్కా. నువ్వు తప్పు ఊహించావు. 'ఆట నీ ఇష్టమొచ్చినట్టు ఆడించు, నన్ను దింపగలిగితే దింపు. ఆ రోజు గీతలో కావాలనే ఆగాను. నీ మీద కోపంతో కాదు, మీ నాన్న మీద. దెబ్బ ఆయనకి తగలాలనుకున్నాను, నీ బతుకు మీద పడింది. ఆయన చస్తాడనుకోలేదు. దానికి క్షమించు, ఆట సంగతి కాదు' అన్నాడు. ఏడేళ్ళు నేను వాడి నోట వినాలని చచ్చిపోయిన మాట అది. విన్నాక వాడి గొంతు పట్టుకున్నాను. వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. అందుకే వదిలేశాను.

తర్వాత వాడొక చీటీ తీసి నాకు చూపించాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. 'శుక్రవారం పెద్దల్ని తీసుకురండి. నాన్నతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. కాఫీ తాగే వెళ్తారు.' పేరు లేదు. నీ ఉత్తరాలు ఎనిమిదేళ్ళుగా చదువుతున్నవాణ్ణి, ఆ రాతకి పేరు దేనికి?

మన ఊళ్ళో ఆడపిల్ల ఇంటి లోపలి నుంచి మాట రాకుండా పెద్దల్ని వెంటేసుకుని ఎవడూ ఏ గుమ్మం తొక్కడు. నాకెందుకు తట్టలేదో ఇన్నాళ్ళూ! ఐదుగురు పెద్దల ముందు వాడి పరువు తీయడానికే పిలిపించినట్టయింది. ఒక్కటే అడుగుతున్నాను. వాణ్ణి రమ్మన్న దానివి, నాన్నతో ఏం చెప్పావు?

అదీబ్

* * *

అబిద్జాన్
14 మే 1999

నన్ను పూడ్చేవాడా, నా అదీబ్,

ఒంటరిగా కూర్చోవద్దన్నాను కదరా.

అబద్ధం రాసి చించేశాను, రెండుసార్లు. మూడోసారి నిజం రాస్తున్నాను, చదివి కాల్చెయ్.

చీటీ నేనే రాశాను. ఫవ్వాజ్ అంటే ఇష్టమే. నాన్నతో మాట్లాడానన్నది మాత్రం అబద్ధం, శుక్రవారం లోపు మాట్లాడదామనుకున్నాను. గురువారం పొద్దున్న మీ బావ తౌఫీఖ్ వాళ్ళ పిన్ని సంబంధం తెచ్చింది. అబిద్జాన్‌లో ఇల్లు, రోజంతా కరెంటు, బాంబులు లేని ఊరు అంది. నాకు ఇరవై ఏడేళ్ళు. పదహారేళ్ళు యుద్ధంలో, మెట్ల కింద పడుకుని గడిపాను. ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి చేసుకుని మళ్ళీ ఆ మెట్ల కిందికే వెళ్ళాలా అనిపించింది. ఆవిడకి సరే అన్నాను.

అప్పటికి ఫవ్వాజ్‌కి కబురు పంపే టైముంది. పంపలేదు. ముఖం చెల్లలేదు. వాళ్ళు వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూసి నాన్న దగ్గరికి పరిగెత్తాను. 'ఆ ఫవ్వాజ్ నా వెంటపడుతున్నాడు నాన్నా, నేను మాటిచ్చానని ఊరంతా అబద్ధం చెబుతున్నాడు, నా పరువు తీస్తున్నాడు' అన్నాను. నాన్న ముఖం నల్లబడిపోయింది. కూతురి పరువు కాపాడుతున్నాననుకుని ఆ కప్పులు చల్లారబెట్టాడు. చచ్చేదాకా అదే అనుకున్నాడు.

ఇప్పుడు చెప్పు, ఇది హత్యా? ఒక ఆడపిల్ల భయపడి ఒక మాటంది. వాడు మగాడు, పగ తీర్చుకోవాలంటే నా మొగుడితో పోట్లాడొచ్చు, సముద్రం దాటి వచ్చి నన్ను చంపొచ్చు. నిన్ను ఎందుకు ముంచాడు? నా తప్పు తప్పే, దానివల్ల వాడి తప్పు తగ్గదు. ఇరవై మూడున ఆటలో వాణ్ణి ముంచెయ్. నాకోసం కాకపోతే నీకోసం.

ఆ చీటీ లాక్కో. కాల్చెయ్. తౌఫీఖ్‌కి తెలిస్తే నా కాపురం ఏమవుతుందో నీకు తెలుసు. జులై ఆరున విమానం. నా తమ్ముడు నన్ను తలుపు దగ్గరే కౌగిలించుకుంటాడని నాకు తెలుసు.

నజ్లా

* * *

సూర్
26 మే 1999

నజ్లాకి,

ముందు ఆట. నువ్వు అడిగిందీ అదే కాబట్టి.

నిలబడ్డానికి చోటు లేదు మైదానంలో. రమ్లాకి డ్రా చాలు. పదిహేడో నిమిషంలో ఫవ్వాజ్ గట్టు మీంచి అరిచాడు, వాడి గీత ముందుకు జరిగింది, అర క్షణం ఆలస్యం. జియాద్ వెనక నుంచి దూసుకెళ్ళాడు. ఒకటి. రెండో సగంలో మళ్ళీ అదే చోట, అదే అర క్షణం. రెండు. నా నలుగురూ తాడు లేకుండానే తాడు కట్టుకున్నట్టు కదిలారు. వాళ్ళకి ఒక్క అవకాశం దొరకలేదు. జాలి పడ్డానేమో అనుకుంటావు. లేదు. ఎనభై నిమిషాలు దాటాక కూడా 'ఇంకోటి! ఇంకోటి!' అని అరుస్తూనే ఉన్నాను, గొంతు పోయింది. ఎనభై తొమ్మిదో నిమిషంలో మూడోది పడింది. అవును, అప్పటిలాగే ఎనభై తొమ్మిదే. రమ్లా దిగిపోయింది. ఫవ్వాజ్ పని అయిపోయింది. ఆ సంతోషాన్ని దాచుకోను, ఏడేళ్ళ తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఎత్తబోయేలోపు వాడు మైదానానికి అడ్డంగా నడుచుకుంటూ మన వాళ్ళ గ్యాలరీ కిందికి వెళ్ళాడు. ఆటగాళ్ళ పేర్లు చదివే ఆయన చేతిలో మైకు తీసుకున్నాడు. జనం బూతులు తిట్టారు, సీసాలు విసిరారు. ఆగేదాకా నిలబడ్డాడు. 'తొంభై రెండులో గీతలో వెనక ఉండిపోయింది నేను. కావాలనే. అదీబ్ చెయ్యి సరిగ్గానే ఎత్తాడు' అన్నాడు. ఒకడు 'ఎందుకురా కుక్కా?' అని అరిచాడు. వాడు జవాబు చెప్పకుండా మైకు ఇచ్చేసి వెళ్ళిపోయాడు. నీ పేరు వాడి నోట్లోంచి రాలేదు. మనింటికి వచ్చిన రోజు రాలేదు, ఆట రోజూ రాలేదు.

జనం నా వైపు తిరిగి చేతులెత్తారు. గ్యాలరీ మొత్తం. ఈసారి ఎవరూ నవ్వలేదు. యూనిస్ తాత కూడా ఎత్తాడు, ఎందుకో తెలుసో లేదో. నేను తాళలేక గదిలోకి వెళ్ళి మోకాలు పట్టుకుని ఏడ్చాను. నాన్న ఈ ఒక్క సాయంత్రం చూసి పోయి ఉంటే చాలనిపించింది.

సోమవారం ఫవ్వాజ్ ఒక్కడే వచ్చాడు. వాడి కప్పులో మళ్ళీ పోశాను. వాడు కింద పెట్టి చూస్తూ కూర్చున్నాడు. నేను 'తాగు' అన్నాను. వాడు నన్ను ముంచాడు, నేను వాణ్ణి ముంచాను, ఊరి ముందు వాడు ఒప్పుకున్నాడు. మా ఇద్దరి మధ్య ఇక ఏమీ మిగల్లేదు. వాడు తాగాడు. చీటీ నాకే ఇచ్చేసి వెళ్ళాడు.

కాల్చమన్నావు. కాల్చలేదు. దాన్ని నాన్న సమాధి దగ్గరికి తీసుకెళ్ళి పైకి చదివాను. నీ ఉత్తరం కూడా చదివాను, మెట్ల కింద పడుకున్న సంగతి దాకా అంతా. ఆయన తన కూతురి కోసం ఒక మనిషిని అవమానించాడు, ఆ మనిషి ఆయన కొడుకుని ముంచాడు, అందుకు ఆయన గోడవైపు తిరిగి చచ్చిపోయాడు. నువ్వు నిజం తెలిసే ఏడేళ్ళు నాకు ఆ కసి ఉత్తరం ఉత్తరానికీ పోశావు. ఫవ్వాజ్ ఒక్క నిమిషం నన్ను మోసం చేశాడు. నువ్వు ఎనిమిదేళ్ళు చేశావు.

బావకి ఏమీ రాయను, ఎవరికీ చెప్పను. భయపడకు. నీ పిల్లలకి మామయ్యని. వాళ్ళని సముద్రానికి తీసుకెళ్తాను, పడవ నేర్పుతాను.

జులై ఆరున విమానాశ్రయానికి కారు పంపుతాను. నువ్వు నాన్న గదిలోనే కూర్చుంటావు. నువ్వు పంపిన పొడి ఇంకా పావు కిలో ఉంది, దానితోనే కాఫీ కాచి నీ ముందు పెడతాను. కప్పు కింద నీ చీటీ ఉంటుంది. నీకేం కావాలో అడుగు, ఎంతసేపైనా అడుగు.

నేను నాన్నలాగే కూర్చుంటాను.

అదీబ్